ఇంగ్లీషు మాటను నోరారా పలకడం

"లల్లబై, మర్మర్, సెరెండిపిటీ, విస్పర్. ఈ నాలుగు మాటలూ పనేమీ లేకపోయినా పైకి అనుకుంటూ ఉంటాను. హాస్టల్లో తోటివాళ్ళు వింతగా చూస్తున్నారు. వీటిని పలుకుతుంటే అంత హాయి ఎందుకు? సరిగ్గా పలకాలంటే బ్రిటిష్ యాస పట్టాలా?" అని అడిగారు మీరు.

యాస అక్కర్లేదు. మిగతాదానికి మాత్రం తీరిగ్గా జవాబు చెప్పాలనిపించింది. ఈ అలవాటు నాకూ చిన్నప్పటి నుంచీ ఉంది. ఖాళీ ఇత్తడి బిందెలో మొహం పెట్టి 'మూన్, మూన్' అని అరుచుకుని, అది లోపల మోగుతుంటే వినడం నాకు గుర్తున్న తొలి ఆటల్లో ఒకటి. తర్వాత 31 ఏళ్ళు గోదావరి జిల్లాల్లో డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెప్పాను. 1983లో హైదరాబాదులో ఇంగ్లీషు, విదేశీ భాషలు నేర్పే సీఫెల్ సంస్థలో, ఇప్పుడు ఇఫ్లూ అంటున్నారే అక్కడ, ఉచ్చారణ శాస్త్రం చదువుకున్నాను. ల్యాబులో ఒక్కొక్కరికీ పావురాల గూడంత గది, చెవులకు హెడ్‌ఫోన్లు, ముందు టేప్ రికార్డరు. ఒకే మాటను ఇరవైసార్లు విని ఇరవైసార్లు పలికేవాళ్ళం. చాలామందికి అది విసుగు. నాకైతే సాయంత్రం గంట కొట్టినా లేవబుద్ధయ్యేది కాదు. తోటివాళ్ళు ఏమనుకున్నా సరే, మీరు చేస్తున్నది మంచి పని. మానకండి.

మాట వినసొంపుగా ఉందంటాం కానీ, నా అనుభవంలో ఆ సొంపు సగానికి పైగా నోటిదే. పెదవులు కలుస్తాయి, విడిపోతాయి. నాలుక కొస లేచి పైచిగురును తాకి దిగుతుంది. ఊపిరి ఒకచోట ఆగుతుంది, ఒకచోట జారుతుంది, ఒకచోట ముక్కులోంచి పోతుంది. ఈత కొట్టేవాడికి భుజాల్లో తెలిసే సుఖం లాంటిది ఇది. మనసులో చదువుకుంటే రాదు, పైకి అంటేనే వస్తుంది. దీన్ని గమనించడం తెలుగువాళ్ళకు మరీ తేలిక. మన వర్ణమాలే నోటికి గీసిన పటం కదా. క వర్గం గొంతు దగ్గర మొదలవుతుంది. చ వర్గం అంగిలికి వస్తుంది. ట వర్గానికి నాలుక వెనక్కి మడుస్తాం, త వర్గానికి పళ్ళను తాకుతాం, ప వర్గంతో పెదవుల దగ్గరికి చేరుకుంటాం. పెరటి గదిలోంచి వీధి గుమ్మం దాకా నడిచినట్టు ఉంటుంది ఆ వరస. ఏబీసీడీల్లో అలాంటి దారి ఏదీ లేదు. ఒకటో తరగతిలోనే ఈ పటం మన చేతికి వచ్చింది. ఇంగ్లీషు మాట రుచి చూడటానికి కూడా అదే పనికొస్తుంది.

ఒక మాట మీద పరీక్షించి చూడండి: 'బ్యాండికూట్'. పెదవులు మూసి తెరిస్తే బ్యా. నాలుక కొస చిగురుకు తగిలితే ండి. నాలుక వెనక భాగం లేస్తే కూ. మళ్ళీ కొస పైకి వెళ్ళి ఆగితే ట్. నాలుగు అడుగుల్లో నోరంతా చుట్టి వస్తుంది ఈ మాట. ఇది ఎక్కడిదో తెలుసా? మన పందికొక్కు. గాదెల కింద బొరియలు తవ్వే ఆ జంతువు పేరే ఇంగ్లీషువాళ్ళ నోట బ్యాండికూట్ అయింది. తర్వాత ఆస్ట్రేలియాలో పొట్ట సంచిలో పిల్లల్ని మోసే చిన్న జంతువులకు అదే పేరు పెట్టుకున్నారు. ఇప్పుడు 'పందికొక్కు' అని ఒకసారి, 'బ్యాండికూట్' అని ఒకసారి అనండి. పెదవులు, నాలుక కొస, నాలుక వెనక భాగం, ఇంతవరకూ రెండిటి దారీ ఒకటే. వేరయ్యేది చివర్లోనే. మనది 'కు' అని అచ్చు మీద వాలుతుంది. వాళ్ళది 'ట్' దగ్గర తలుపు వేసుకుంటుంది.

తెలుగువాడికి ఇంగ్లీషు మాట ఇచ్చే ఆనందంలో ఎక్కువ భాగం ఆ తలుపు దగ్గరే ఉందని నా నమ్మకం. మనది అజంత భాష. మాట చివర అచ్చు లేకపోతే మనకు తోచదు. బస్సు, కారు, రోడ్డు, లైటు, పెన్ను, ఇలా వచ్చిన ప్రతి మాటకూ ఓ ఉకారం తొడిగి ఇంట్లోకి తెచ్చుకున్నాం. అది మన భాష స్వభావం. దాన్ని ఎవరైనా తప్పంటే నేను ఒప్పుకోను. కానీ ఆ మాటను ఇంగ్లీషు మాటగానే రుచి చూడాలని ఉన్నప్పుడు ఆ ఉకారం తీసి పక్కన పెట్టాలి. అక్కడ మిగిలే నిశ్శబ్దాన్ని వినాలి.

'హష్' అనండి. హకారంతో ఊపిరి బయల్దేరి, ష్ దగ్గర సన్నబడి గాలిలో కలిసిపోతుంది. ఎక్కడ ముగిసిందో చెప్పలేం. మన 'హుష్ కాకి'లో ఉన్నదీ ఆ ఊపిరే కానీ, మనం కాకిని వెళ్ళగొట్టడానికి దాన్ని విసురుతాం, వాళ్ళు పసివాణ్ణి ఊరుకోబెట్టడానికి వదులుతారు. 'మిస్ట్' అనండి. స్ జారుతూ వెళ్ళి ట్ దగ్గర చప్పున ఆగుతుంది. 'క్లింక్'లో గాజు గ్లాసులు తగిలిన చప్పుడు ముక్కులో మోగి గొంతులో తెగిపోతుంది. అన్నిటికన్నా నాకు ఇష్టమైనది, తెల్లవారుజాము అనే అర్థంలోని 'డాన్'. చివరి న్ దగ్గర నాలుకను చిగురుకు ఆనించి అలాగే ఉంచితే ధ్వని ముక్కులో ఎంతసేపైనా మోగుతుంది. తరగతిలో పిల్లల చేత 'డాన్' అనిపించి, నాలుక తియ్యకుండా పది లెక్కపెట్టించేవాణ్ణి. మొదట్లో కిసుక్కుమనేవాళ్ళు. నాలుగు లెక్కపెట్టేసరికి నవ్వు ఆగేది. ఆరుకల్లా గదంతా తేనెతుట్టెలా మోగేది. వెనక బెంచీల నుంచి వచ్చే ఆ మోత ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఇక మీ మాటలు. మీరు 'లల్లబై' అని రాశారు. తెలుగులో అందరం అలాగే రాస్తాం, అందువల్ల అలాగే పలుకుతాం. మనకు ద్విత్వం చాలా ముఖ్యం. కల వేరు, కల్ల వేరు. గడి వేరు, గడ్డి వేరు. అందుకే ఇంగ్లీషు స్పెల్లింగులో ఒకే అక్షరం రెండుసార్లు కనిపిస్తే నాలుకను రెండింతలు నొక్కేస్తాం. 'సమ్మర్', 'హ్యాప్పీ' అంటాం. ఇంగ్లీషులో ఒకే మాట లోపల ఉన్న ఆ జంట అక్షరాలు చూడటానికే జంట, పలకడానికి ఒకటే. 'లలబై' అని అని చూడండి. ల ఒకసారి తాకి, మళ్ళీ ఒకసారి తేలిగ్గా తాకి, పెదవులు మెల్లగా కలిసి 'బై' అని విడిపోతాయి. రెండు ఊపులు, ఒక ముద్దు. మన జోలపాటల్లో 'లాలి' అన్నా అదే ల, అదే ఊపు. పసిబిడ్డను నిద్రపుచ్చడానికి ఈ రెండు భాషలూ నాలుక కొసనే నమ్ముకున్నాయి. ద్విత్వం తీసెయ్యడం చిన్న మార్పే కానీ, రాయి తీసేసిన పప్పులా మాట మెత్తబడుతుంది.

'మర్మర్' ఇంకా చిత్రమైనది. ఇది గలగల, కిలకిల, జలజల లాగే ఒకే ధ్వనిని రెండుసార్లు పలికి చేసిన మాట. లాటిన్‌లోనూ ఇలాగే ఉంది. ఎండుటాకుల చప్పుడుకు సంస్కృతంలో 'మర్మరం' అన్నారు. లండన్ వైపు వాళ్ళు దీన్ని రేఫం, అంటే ర ధ్వని, లేకుండా పలుకుతారు. మొదటి అచ్చు మన అ కన్నా పొడుగు. అయినా ఆ అన్నంతగా నోరు తెరుచుకోదు. అరతెరిచిన తలుపు లాంటి అచ్చు అది, మనకు దానికి అక్షరం లేదు. ఐర్లండు, స్కాట్లండు, అమెరికా వాళ్ళు చాలామంది రేఫాన్ని నిండుగా పలుకుతారు. రేఫం వేస్తే ఏరు గులకరాళ్ళ మీద పారినట్టు, తీసేస్తే పక్కగదిలో పెద్దవాళ్ళు మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది. రెండూ ఒప్పే. నేను మాత్రం రేఫంతోనే అంటాను. నాకు ఏరే ఇష్టం.

ఇలాంటి మాటలు ఎందుకు అందంగా తోస్తాయని ఇంగ్లీషువాళ్ళు కూడా చాలాకాలంగా ఆలోచిస్తున్నారు. విల్‌ఫ్రెడ్ ఫంక్ అనే అమెరికన్ నిఘంటుకారుడు 1932లో తనకు అత్యంత అందమైనవని తోచిన పది మాటల జాబితా ఇచ్చాడు. డాన్, హష్, లల్లబై, మర్మరింగ్, ట్రాంక్విల్, మిస్ట్, లూమినస్, చైమ్స్, గోల్డెన్, మెలొడీ. పైకి చదవండి ఒకసారి. నేను లెక్కపెట్టి చూశాను. హష్ ఒక్కటి తప్ప మిగతా తొమ్మిదింటిలోనూ మ, న, ల ఈ మూడింటిలో ఒకటైనా ఉంది. ఊపిరిని పూర్తిగా ఆపని హల్లులు ఇవి. మ, న అన్నప్పుడు గాలి ముక్కులోంచి పోతుంది. ల అన్నప్పుడు నాలుక పక్కల నుంచి జారుకుంటుంది. దారి మూసినట్టే ఉంటుంది, మూతపడదు. డేవిడ్ క్రిస్టల్ అనే భాషావేత్త 1995లో అందమైనవని జనం ఎంచుకున్న మాటలను కలిపి చూసి, వాటిలో తరచూ కనబడే లక్షణాలు రాశాడు. మూడు లేక అంతకు మించి అక్షరాలుండటం, మొదటి అక్షరం మీద ఊనిక, అంటే బరువు, ఉండటం, మకారం, లకారం ఉండటం లాంటివి. ఆ లక్షణాలన్నీ ఉన్న మాటగా ఆయనకు తేలింది 'ట్రెమ్యులస్', అంటే వణుకుతున్న అని. దీపం వణుకును, గొంతు వణుకును ఆ మాటతో చెబుతారు. పలుకుతుంటే నాలుక కూడా సన్నగా అదురుతుంది.

అయితే అందం అర్థానిదేమో అన్న అనుమానం సహజంగా వస్తుంది. ఫంక్ జాబితాలో అన్నీ చల్లని అర్థాలే కదా. బ్రిటిష్ కౌన్సిల్ తన 70వ ఏట, 2004లో, ఇంగ్లీషు మాతృభాష కాని దేశాల్లో 40,000 మందిని అందమైన మాట ఏదని అడిగితే మొదటి స్థానం 'మదర్'కి వచ్చింది. ఆ ఓటు అమ్మకి పడింది. మాటకి పడిందని నేను అనుకోను. అందుకే పరీక్ష కోసం అర్థం సాయపడని మాటలు వెతకాలి. 'మలేరియా' తీసుకోండి. మ, ల, ర వరసగా ఉన్నాయి. ఏదో పూలతీగ పేరులా ఉంటుంది. ఇటాలియన్‌లో చెడ్డగాలి అని అర్థం. ఆ జబ్బు మూలం గాలి కాదు, దోమలు మోసే పరాన్నజీవి. దాన్ని దోమ కడుపులో రొనాల్డ్ రాస్ అనే వైద్యుడు కళ్ళారా చూసింది 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులోనే. జబ్బు పేరని తెలియని మనిషికి వినిపిస్తే ఆ మాట ఎంత మెత్తగా ఉందో అంటాడు. కాబట్టి ధ్వని తన పని తాను చేస్తూనే ఉంది, అర్థం దాన్ని పెంచుతుంది లేదా అణిచేస్తుంది.

ఈ చర్చలో ఇంగ్లీషువాళ్ళు ఎప్పుడూ చెప్పుకునే జంట మాట ఒకటుంది: 'సెల్లార్ డోర్'. ఇంటి అడుగున ఉండే నేలమాళిగ తలుపు, అంతే. ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడు టోల్కీన్ 1955లో ఒక ప్రసంగంలో, అర్థాన్నీ స్పెల్లింగునూ పక్కన పెట్టి వింటే ఇది అందంగా ఉందని ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళు చాలామంది ఒప్పుకుంటారన్నాడు. మనకు మొదట అర్థం కాదు, ఏముంది ఇందులో అని. కారణం ఉంది. మనం ద్విత్వం వేసి, రేఫం వేసి, డ కోసం నాలుక వెనక్కి మడిచి, 'సెల్లార్ డోర్' అని మూడు గట్టి ముక్కలుగా పలుకుతాం. పైగా మన అపార్ట్‌మెంట్లలో సెల్లార్ అంటే బండి పెట్టుకునే చోటు, నీళ్ళ మోటారు ఉండే చోటు. ఇప్పుడు ద్విత్వం తీసేయండి. రేఫాలు రెండూ వదిలేయండి. డ ని మన డ కీ మన ద కీ నడుమ, పైచిగురు మీద తేలిగ్గా తాకించండి. రెండు మాటల మధ్య ఆగకండి. 'సెలడో...' ఏదో దూరదేశపు రాకుమారి పేరులా లేదూ? నాకు ఇది తెలిసిన రోజు సీఫెల్ నుంచి బస్సులో వస్తూ దారి పొడుగునా అనుకుంటూనే ఉన్నాను. దిగాల్సిన స్టాపు దాటిపోయింది.

ధ్వనికీ అర్థానికీ మధ్య గుట్టుగా నడిచే చుట్టరికం మరొకటి ఉంది. గ్లీమ్, గ్లిటర్, గ్లో, గ్లిమర్, గ్లిసన్, అన్నీ వెలుగు మాటలే, అన్నిటికీ మొదట 'గ్ల్'. స్నీజ్, స్నోర్, స్నిఫ్, స్నౌట్, అన్నీ ముక్కు మాటలే, అన్నిటికీ మొదట 'స్న్'. ఇలాంటి ధ్వని తునకలకు 1930లో ఫోనెస్తీమ్ అని పేరు పెట్టినవాడు జె. ఆర్. ఫర్త్ అనే ఇంగ్లీషు భాషావేత్త. అంతకుముందు 1919 నుంచి 1928 దాకా లాహోరులో పంజాబ్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు ఆచార్యుడిగా ఉన్నాడు. ఇది చదివినప్పుడు నేను వెంటనే తెలుగులో వెతికాను. మెరుపు, మిణుగురు, మిణుకు, మిలమిల, మిరుమిట్లు. మన వెలుగు మకారంతో మొదలవుతోంది! వాళ్ళ వెలుగు గొంతులో పుట్టి నాలుక మీదికి జారుతుంది, మన వెలుగు పెదవుల మీద పుడుతుంది. 'గ్లిమర్, మిణుకు, గ్లిమర్, మిణుకు' అని మార్చి మార్చి పలకండి. నాకు తెలిసిన నోటి ఆటల్లో దీన్ని మించింది లేదు.

సరిగ్గా పలకడం గురించి అడిగారు కాబట్టి ఇక్కడ కాస్త నిలబడి చెబుతాను. మన పిల్లలు ఇంగ్లీషు ధ్వనులు తమ నోట్లో లేవనుకుని బెదురుతారు. చాలావరకు ఉన్నాయి. 'విల్లో'లో మొదటి ధ్వని, అంటే డబ్ల్యూ, తెలుగులో లేదంటారు. మీ అమ్మమ్మ 'ఒకటి' అన్నప్పుడు విన్నారా? 'వొకటి' అంటుంది. 'ఊరు'ని 'వూరు' అంటుంది. ఓకారం కోసం పెదవులు ముందే గుండ్రంగా చుట్టుకుని వచ్చే ఆ వకారమే డబ్ల్యూకి పుట్టిల్లు. పెదవులు అలా చుట్టి 'విల్లో' అనండి, కొమ్మ వంగినట్టు వస్తుంది. 'వెల్వెట్'కి మాత్రం పైపళ్ళు కింది పెదవిని రాయాలి, అందులోనే ఆ మఖమలు స్పర్శ ఉంది. రెంటినీ ఒకే వకారంతో సరిపెడితే రెండు రుచులూ పోతాయి.

'క్యాట్'లో అచ్చు తెలుగుకి పరాయిదని యకారం తగిలించి రాస్తాం. 'మేకు' అనండి, తర్వాత 'మేక' అనండి. రాయడానికి ఒకే 'మే'. కానీ మేక అన్నప్పుడు దవడ కాస్త కిందికి దిగుతుంది, తర్వాత వచ్చే అకారం దాన్ని కిందికి లాగుతుంది. కోస్తా వాళ్ళ నోట 'వచ్చాడు'లోని 'చ్చా' ఇంకా స్పష్టంగా అదే అచ్చు. 'బ్రీజ్' చివరి ధ్వని కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. 'జీతం'లో జ వేరు, 'జడ'లో జ వేరు. ఆ రెండోదాన్ని వ్యాకరణంలో దంత్య జకారం అంటారు. 'జడ' అనబోతూ నాలుకను పైకి తగలనివ్వకుండా ఆపి, గాలిని మాత్రం గీసుకుంటూ పోనివ్వండి. 'బ్రీజ్' చివర పైరగాలి వీస్తుంది.

నిజంగా మనకు లేనిది ఒకటుంది. 'మెజర్', 'ట్రెజర్' మాటల నడుమ ఉండేది. మనం జ వేసి సరిపెట్టుకుంటాం. 'శ్‌శ్‌శ్' అని పొడుగ్గా అనండి, రెండు వేళ్ళు కంఠం మీద ఆనించండి. అదురు ఉండదు. నోరు అలాగే ఉంచి లోపల తుమ్మెద మోగించండి. వేళ్ళకు అదురు తగులుతుంది. శకారం పట్టుబట్ట కట్టుకున్నట్టు బరువెక్కి మెత్తబడుతుంది. అదే ఆ ధ్వని. ఇప్పుడు 'ప్లెజర్' అనండి. ఆనందం అనే ఆ మాట నడిబొడ్డునే ఈ ధ్వని ఉంది. మా విద్యార్థుల్లో ఒకమ్మాయి ఇది మొదటిసారి పలికినప్పుడు కళ్ళు పెద్దవి చేసి, గొంతు మీద వేళ్ళు తియ్యకుండా వరసగా పదిసార్లు అంది. ఆ రోజు పాఠం అంతటితో ఆపేశాను, అంతకన్నా చెప్పేదేమీ లేదనిపించింది.

'సెరెండిపిటీ' సంగతి వేరు. దాని సుఖం హల్లుల్లో లేదు, నడకలో ఉంది. 1754 జనవరి 28న హోరేస్ వాల్పోల్ అనే ఇంగ్లీషు రచయిత స్నేహితుడికి రాసిన ఉత్తరంలో ఈ మాటను పుట్టించాడు. సెరెండిప్ అంటే సింహళం. ఆ దేశపు ముగ్గురు రాకుమారులు వెతకనివి కూడా దొరికించుకుంటూ పోయారన్న పాత పారశీక కథ దాని వెనక ఉంది. మనం దీన్ని అయిదు సమానమైన అడుగులుగా వేస్తాం: సె, రెన్, డి, పి, టీ. మన పద్యానికి లయ గురులఘువుల నిడివి నుంచి వస్తుంది కదా, ఇంగ్లీషు మాటకు లయ ఊనిక నుంచి వస్తుంది. ఒక అక్షరం మీద బరువు వేసి, పక్కవాటిని నీడలా వదిలేస్తారు. ఇక్కడ బరువు 'డి' మీద. సె కాస్త తేలిగ్గా, 'రన్' దాదాపు మింగేసి, 'డి' మీద ఎగిరి, 'పిటి' అని దిగిపోవాలి. చెట్టు ఊడ పట్టుకుని ఊగి అవతల దూకినట్టుంటుంది. ఇది పట్టుబడాలంటే మరో మూడు మాటలు కలిపి అనండి: ఫోటోగ్రాఫ్, ఫటాగ్రఫర్, ఫోటగ్రాఫిక్. మొదటిదానిలో బరువు మొదటి అక్షరం మీద, రెండోదానిలో రెండోదాని మీద, మూడోదానిలో మూడోదాని మీద. బరువు కదిలిన కొద్దీ అచ్చులు వాటంతట అవే మారిపోతాయి. కోలాటంలో అడుగు మారినట్టే.

అందరూ మెచ్చుకునే మాటలన్నీ నాకు నచ్చవు. తొలకరి వాన పడ్డప్పటి మట్టివాసనకు 1964లో ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు, ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్, 'పెట్రికోర్' అని పేరు పెట్టారు. గ్రీకులో పెట్రా అంటే రాయి, ఐకోర్ అంటే దేవతల నరాల్లో పారే ద్రవం. ఆలోచన చాలా అందమైనది. నోటికి మాత్రం అది గట్టిగా తగులుతుంది, ట్ర్, క్ రెండూ రాళ్ళే. 'తొలకరి' అని అనండి, నాలుక మీద మొదటి చినుకు పడుతుంది. ఇంగ్లీషు మాటలను ఇష్టపడటం అంటే ప్రతి ఇంగ్లీషు మాటా తెలుగు మాట కన్నా తియ్యనిదని ఒప్పుకోవడం కాదు. ఈ ఆటలో ఎవరి నాలుక వారికి పెద్ద.

యాస అక్కర్లేదని మొదట్లో ఎందుకు అన్నానంటే, మా నాయనమ్మ 'లాంతరు' అనేది. 'టేసను' అనేది. ఆ 'లాంతరు' ఎన్ని నోళ్ళు దాటి ఆవిడ నోటికి చేరిందో! ఆవిడ "లాంతరు వత్తి తగ్గించరా" అన్నప్పుడు ఆ 'తరు' దగ్గర వెలుగు నిజంగానే తగ్గేది. సీఫెల్‌లో నేను దానికి ఇంగ్లీషు మాట 'ల్యాంటన్' నేర్చుకున్నాను, రేఫం లేకుండా, చివర న్ ముక్కులో మోగేలా. అదీ బాగుంది. ఒకటి ఒప్పు, ఒకటి తప్పు అని నేనెప్పుడూ పిల్లలకు చెప్పలేదు. ఇంటర్వ్యూలో అవతలివాడికి అర్థమయ్యేలా పలకడం వేరే అవసరం, దానికి వేరే సాధన ఉంది. మీరు అడిగింది ఇష్టం కోసం పలకడం గురించి. దానికి లండన్ మనిషిలా నటించాల్సిన పని లేదు. మాటను నెమ్మదిగా అని, నోట్లో ఎక్కడ ఏం జరుగుతోందో గమనిస్తే చాలు. రోజుకు ఒక్క మాట. అద్దం ముందు కన్నా కళ్ళు మూసుకుని అంటే మేలు, పెదవులను చూడటం కన్నా అవి ఏం చేస్తున్నాయో తెలియడం ముఖ్యం.

మీ నాలుగో మాట 'విస్పర్'ను చివరికి ఉంచాను. గుసగుస అని అర్థం. రాత్రి గదిలో అందరూ పడుకున్నాక దీన్ని మొదట మామూలు గొంతుతో అనండి. పెదవులు చుట్టుకుని 'వి', తర్వాత 'స్ప్', తర్వాత అరతెరిచిన అచ్చు. ఇప్పుడు అదే మాటను గుసగుసగా అనండి. గొంతు మీద వేళ్ళుంచితే అదురు ఉండదు. మొదటి ధ్వనీ, అచ్చులూ గొంతు పోగొట్టుకుని ఉత్త ఊపిరి అయిపోతాయి. కానీ నడుమ ఉన్న 'స్ప్' మాత్రం ఏమీ మారదు. స్, ప్ రెంటికీ గొంతుతో పని లేదు, మీరు గట్టిగా అన్నప్పుడు కూడా అవి గుసగుసగానే ఉన్నాయి. తర్వాత 'గుసగుస' అని మన మాట కూడా అలాగే రెండు రకాలుగా అనండి. అందులోనూ ఆ స అలాగే నిలబడి ఉంటుంది.